పోతరాజు ఎడమ సగం

మా ఇంట్లో దయ్యాల మాట ఎత్తితే ముందు నవ్వేది నేనే. మా అమ్మ తెనాలి నుంచి మోసుకొచ్చిన కథల్లో తెల్లచీర కట్టని దయ్యం ఒక్కటైనా ఉందా అని ఆమెనే ఆటపట్టిస్తుంటాను. తార్నాకలో మేముంటున్న ఫ్లాట్‌లో ఎవరో పోయారని తెలిసి మాకంటే ముందు ఇద్దరు వెనక్కి తగ్గారు. నేను మర్నాడే సామాను దింపించాను. ఇప్పుడు చెప్పబోయేది చదివి ఈమెకూ పూనకం వచ్చిందనుకునేవాళ్లు అనుకోండి. జరిగింది జరిగినట్టే చెప్తాను. వీడియో కూడా నా దగ్గర ఉంది.

యూనివర్సిటీలో పాఠాలు రికార్డు చేసి ఎడిట్ చేయడం నా ఉద్యోగం. నాలుగేళ్ల కిందట ఒక మంచి పని తగిలింది. క్యాంపస్ చుట్టుపక్కల బస్తీల్లో, ఎవరి దగ్గరా నేర్చుకోకుండా పండగలకి బొమ్మలు వేసేవాళ్లని వెతికి వీడియో తీయాలి. సీతాఫల్‌మండిలో, బోనాలకి అమ్మవారికి సమర్పించే రంగుకాగితాల తొట్టెలు వెదురుపుల్లలతో కట్టే అక్కాచెల్లెళ్లు దొరికారు. నల్లకుంటలో బోనం కుండల మీద లతలు గీసే దర్జీ దొరికాడు. పదేళ్లుగా ఆ దారుల్లోనే బస్సులో తిరుగుతూ వీళ్లలో ఒక్కరినీ చూడనందుకు నాకు సిగ్గేసింది.

లాలాగూడలో దొరికినవాళ్లు నర్సయ్య గారు, ఆయన భార్య బాలమ్మ గారు. ఆయన రైలు పెట్టెల మీద అంకెలు రాసి రిటైరైన మనిషి. ఆమెకి చదువు రాదు, ముగ్గు వచ్చు. బోనాలకి అమ్మవారి ముందు కొరడా తిప్పుతూ నడిచే పోతరాజుకి ముప్పై ఏళ్లుగా ఒళ్లంతా రంగులు వేసేది ఈ ఇద్దరే.

వాళ్ల పద్ధతి నేనింకెక్కడా చూడలేదు. బంక కలిపిన పసుపు ఒంటికి పూశాక, తడి ఆరకముందే దాని మీద ఎరుపు, నలుపు, తెలుపు గీతలు పడాలి. ఆరితే పగుళ్లిస్తుంది. ఒక్కరే వేస్తే రెండో సగానికి వచ్చేసరికి ఆరిపోతుంది. అందుకని పోతరాజు కుడి సగం ఆయనది, ఎడమ సగం ఆమెది. ఆమెది పుర్రచేతి వాటం కావడం కూడా కలిసొచ్చింది. ఇద్దరూ నుదుటి దగ్గర ఒకేసారి మొదలుపెట్టి నడుము దాకా దిగుతారు. మధ్యలో మాట ఉండదు, ఒకరి సగం వైపు ఇంకొకరు చూడరు. అయినా ముక్కు మీద, రొమ్ము మీద, బొడ్డు మీద గీతలన్నీ వచ్చి కలుస్తాయి. అది చూసి నేను కెమెరా వెనకాల నోరు తెరిచాను.

రెండు ఆషాఢాలు వాళ్లని వీడియో తీశాను. ఆ రెండో ఏడాది చలికాలంలో బాలమ్మ గారు జబ్బుచేసి పోయారు.

తర్వాతి బోనాలకి నేను వెళ్లాలా వద్దా అని తటపటాయించి, చివరికి వెళ్లాను. ఆదివారం మధ్యాహ్నం. పోతరాజు యాదగిరి ఎర్ర నిక్కరు వేసుకుని స్టూలు మీద కూర్చున్నాడు. ఇతను నర్సయ్య గారి మేనల్లుడు, ఏసీ మెకానిక్. తల్లి పోతే చిన్నప్పటినుంచి బాలమ్మ గారే పెంచారు. నన్ను పక్కకి పిలిచి గుసగుసగా చెప్పాడు.

"మేడమ్, స్ప్రే కలర్లు కొట్టేటోన్ని మాట్లాడిన. మామ ఊకుంటలేడు. జర మీరు చెప్పుండ్రి."

నర్సయ్య గారికి వినబడనే వినబడింది.

"నా సగం నేనేస్త. రెండోది ఎట్లున్నదో గట్లనే ఉండనీ. ఇయ్యాల గిది కాకుంటె మళ్ల బ్రష్ పట్ట."

సగం రంగుతో పోతరాజు అమ్మవారి ముందుకి పోకూడదు. అంటే సాయంత్రం ఊరేగింపుకి స్ప్రే రంగులే గతి, ఆయన పని ఆ రోజుతో సరి. పెద్దాయన గొంతు వింటే భార్య పోయినప్పటి దుఃఖమంతా ఆ బ్రష్‌లోనే దాచుకున్నట్టు అనిపించింది. బయట తీన్మార్ డప్పులు మొదలయ్యాయి. ఆయన లేచి యాదగిరి ఒంటికి రెండు వైపులా తానే పసుపు పూశారు. అలవాటు చావలేదేమో మరి. కెమెరా స్టాండ్ మీద పెట్టి ఆన్ చేశాను.

"బిడ్డా, గా పళ్లెం పట్టుకో" అన్నారు.

పళ్లెం తీసుకుని ఖాళీగా ఉన్న ఎడమవైపు నిలబడ్డాను. పళ్లెంలో ఇంకో బ్రష్ ఉంది. కింద పడిపోతుందేమోనని పట్టుకున్నాను. అంతవరకు నాకు స్పష్టంగా గుర్తుంది.

ఆ తర్వాత గుర్తున్నది యాదగిరి నవ్వు. చంకలో చక్కిలిగిలి పెడితే పిల్లలు ఎలా కిచకిచలాడతారో, అంత భారీ మనిషి అలా నవ్వాడు. నవ్వుతూనే ఒక్కసారిగా బిగుసుకుపోయాడు. నా చెయ్యి అతని ఎడమ చంకలో ఉంది. నర్సయ్య గారు జీవితంలో మొదటిసారి రెండో సగం వైపు తిరిగి చూశారు.

ఎడమ సగం పూర్తయింది. గీతలన్నీ కలిశాయి.

నేను బొమ్మలు వేసే మనిషిని కాదు. మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టుకి మామిడికాయ గీస్తే వంకాయ అనుకున్నారు. పైగా నాది కుడిచేతి వాటం.

చంకలో ఒక చిన్న గుర్తు ఉంది. ఒక సున్న, దాని కింద మూడు గీతలు. యాదగిరి దాన్ని వేలితో తడిమి, "అత్త ఏసేది మేడమ్ గిది. మీకెట్ల తెలుసు?" అని ఏడ్చేశాడు.

నర్సయ్య గారు అటక మీదనుంచి ఒక పాత ఇత్తడి బిందె దింపించారు. మెడ కింద అదే గుర్తు గీకి ఉంది. వీధి పంపు రోజుల్లో బిందెలు తారుమారు కాకుండా అందరూ పేర్లు కొట్టించుకుంటే, చదువురాని బాలమ్మ గారు తన గుర్తు తానే పెట్టుకున్నారట. యాదగిరి మొదటిసారి పోతరాజు కట్టిన ఏటినుంచీ అతని చంకలో కూడా వేసేవారట.

"బిందె మారొద్దు, పోరడు తప్పిపోవద్దు అంటుండె. చెమటకి పోతుండె గది. మా ముగ్గురికి తప్ప ఎవలికి ఎర్క లేదు" అన్నారు నర్సయ్య గారు.

నాతో అంతే మాట్లాడారు. ఆ తర్వాత నేను అక్కడ లేనట్టే, నా చేతిలోని బ్రష్ తీసుకుని నీళ్లలో కడిగి, కొంగుతో తుడిచినంత మెల్లగా తన కండువాతో తుడిచి చూరులో పెట్టారు. యాదగిరి ఊరేగింపుకి వెళ్లాడు. పెద్దాయన ఊరేగింపు బండి వెనకాలే గుడిదాకా నడిచారు.

ఇంటికొచ్చి వీడియో చూశాను. నలభై నిమిషాలు. కళ్లు తేలేయడం, ఊగడం ఏమీ లేవు. మామూలుగా ఉన్నాను. బ్రష్ కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకుంటాను, పని మొదలుపెడతాను. ఒకసారి జుట్టు కళ్లలో పడితే మణికట్టుతో వెనక్కి తోసుకుంటాను. నాకు మాత్రం ఇందులో ఒక్క క్షణమూ గుర్తులేదు.

క్యాంపస్‌లో సైకాలజీ చెప్పే స్నేహితురాలికి చూపించాను. "రెండేళ్లు ఆవిడ చేతినే ఎడిట్ చేస్తూ కూర్చున్నావు. నీ చెయ్యి నేర్చేసుకుంది" అంది. సబబుగానే ఉంది, ఒప్పుకున్నాను. ఎడమచెయ్యి కూడా అలాగే వచ్చిందనుకుందాం. మరి చంకలో గుర్తు? పాత ఫుటేజీ అంతా ఫ్రేము ఫ్రేముగా చూశాను. ఆ చోటు ఒక్కదాంట్లోనూ పడలేదు. బాలమ్మ గారి భుజం అడ్డం వస్తుంది. బిందె నేను వాళ్లింటికి వెళ్లడం మొదలుపెట్టకముందే అటకెక్కింది.

నర్సయ్య గారు బ్రష్ వదల్లేదు. అందుకు నాకు సంతోషం, కొంచెం గర్వం కూడా. ఈ ఏడాది బోనాలకి నెల ముందే ఆయనే ఫోన్ చేసి, తప్పక రమ్మన్నారు. కొత్త పళ్లెం కొని ఉంచారు. గోడకి సున్నం వేయించారు. బోనాల రోజు నన్ను యాదగిరికి ఎడమవైపు నిలబెట్టి, చూరులోంచి ఆ బ్రష్ తీసి చేతికిచ్చారు.

డప్పులు మోగుతున్నాయి. కుడిచేత్తో పట్టుకున్నాను. ఎడమచేతికి మార్చాను. కళ్లు మూసుకుని చూశాను. ప్రతి క్షణం నాకు తెలుస్తూనే ఉంది. గీత వంకర పోతోంది, రంగు కారుతోంది. పక్కన నర్సయ్య గారు తన సగం మీద చూపు నిలపకుండా నా చేతినే చూస్తున్నారు. ముప్పై ఏళ్లలో ఎప్పుడూ తప్పని ఆయన గీత ఆ రోజు తప్పింది. ముక్కు మీద రెండు సగాలూ కలవలేదు.

యాదగిరి అద్దం అడగలేదు. కొరడా తీసుకుని, మామ కాళ్లకి దండం పెట్టి బయటికి వెళ్లిపోయాడు.

నర్సయ్య గారు ఖాళీ అయిన స్టూలు గోడవారకి జరిపారు. తర్వాత నా తలమీద చెయ్యి పెట్టి, "మంచిగనే ఏసినవ్ బిడ్డా" అన్నారు.

కిందటేడు ఆయన నన్ను మెచ్చుకోలేదు. నాతో ఆ మాటే అనలేదు. ఆయన లెక్కలో కిందటేడు వేసింది నేను కాదని అప్పుడు అర్థమై, కెమెరా సర్దుకునే వంకతో గోడవైపు తిరిగి ఏడ్చాను. కిందటేడు అది ఎలా జరిగిందో నేను చెప్పలేను. ఈ ఏడు ఎందుకు జరగలేదో కూడా చెప్పలేను. ఆయన మాత్రం, వచ్చే ఏడు కూడా రావాలమ్మా అని గుమ్మందాకా వచ్చి మరీ చెప్పారు.