శుభ్రత గడిలో రెండు మార్కులు

తేదీలు, కూడికలు రాసిపెట్టుకోవడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. అందుకే ఈ సంగతి సరిగా గుర్తులేదని చెప్పి తప్పించుకోవడానికి వీల్లేదు.

ఉద్యోగ విరమణ తర్వాత వనపర్తిలో ఒక ఆడపిల్లల హాస్టల్ బడిలో నాలుగేళ్లు లెక్కలు చెప్పాను. శుభ్రతకు రోజూ పది మార్కులు వేసే పద్ధతి అక్కడ నేనే పెట్టాను. బట్టలకు నాలుగు, గోళ్లకు రెండు, చెప్పులకు రెండు, జడలకు రెండు. జడలంటే నున్నగా దువ్వి, రెండుగా అల్లి, మడిచి రిబ్బను కట్టినవి.

తొమ్మిదో తరగతిలో అమరచింత నుంచి వచ్చిన ఒక నేతపనివాళ్ల పిల్ల ఉండేది. జుట్టు చిన్న చిన్న రింగులుగా, దట్టంగా ఉండేది. నూనె పట్టించి ఎంత బిగించి అల్లినా రెండో పీరియడ్ కల్లా రిబ్బన్లలోంచి పైకి లేచేది. తోటి పిల్లలు ‘గొంగడి’ అని పిలిచేవారు. నేను ఆపలేదు. ఒకసారి నవ్వాను కూడా. మిగతావాళ్లను పొద్దున ప్రార్థనలో ఒక్కసారే చూసేదాన్ని. ఆ పిల్లను మాత్రం మధ్యాహ్నం మళ్లీ పిలిపించి చూసేదాన్ని.

వాళ్లమ్మ మగ్గం పని ఆపుకొని ఒకరోజు బడికి వచ్చింది.

“దాని జుట్టు పుట్టుకతోనే గంతే మేడం. దువ్వెన పండ్లు ఇరుగుతయి గని అది వంగదు.”

అందరికీ ఒకటే రూలన్నాను.

జూన్ పన్నెండు నుంచి ఆగస్టు పది దాకా నలభై ఆరు పనిదినాలు. రోజుకు రెండు చొప్పున తొంభై రెండు మార్కులు కోశాను. గద్వాలలో జరిగే లెక్కల పోటీకి బడి నుంచి ఒక్కరినే పంపాలి. లెక్కల మార్కులకు శుభ్రత మార్కులు కలిపి ఎంపిక చేశాం. లెక్కల్లో అందరికన్నా ముందున్న ఆ పిల్ల మొత్తంలో ముప్ఫై ఒక్క మార్కులు వెనకబడింది. కూడిక రెండుసార్లు సరిచూసుకున్నాను. తప్పు లేదు.

తర్వాతి సోమవారం గుండుతో వచ్చింది. కురుమూర్తి స్వామికి మొక్కు చెల్లించామని తల్లి చెప్పింది. మా వైపు మొక్కు అన్నాక ఇంకెవరూ ఏమీ అడగరు. నేనూ అడగలేదు. ఆ రోజు నుంచి పదికి పది వేశాను.

పోయిన నెల పేపర్లో ఒక వార్త చూశాను. నల్లజాతివాళ్లను వాళ్ల సహజమైన రింగుల జుట్టును బట్టి, అల్లికలను బట్టి బడిలో గానీ పనిలో గానీ తక్కువ చేయకూడదని అమెరికాలో కొన్ని రాష్ట్రాలు చట్టం చేశాయట. మన దగ్గర జుట్టు పేరుతో అలాంటి చట్టం ఉన్నట్టు తనకు తెలియదని మా వీధి వకీలు అన్నారు. ఉన్నా ఆ పిల్ల ఎవరికి చెప్పుకునేది? బడిలో ఫిర్యాదులు తీసుకునేదాన్నీ నేనే.

మర్నాడు అమరచింత బస్సెక్కాను. పిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. జుట్టు మళ్లీ పెరిగింది, అవే రింగులు. తప్పు చేశానని చెప్పాను. ఎన్ని మార్కులో కూడా చెప్పాను. తల్లి చాయ్ గ్లాసు నా ముందు పెట్టి నెమ్మదిగా అంది:

“అప్పుడు మొక్కు గిట్ల ఏం లేకుండె మేడం. మీకేం జెప్పాలెనో తెల్వక గట్ల జెప్పినం.”

పిల్ల నన్ను క్షమించానని అనలేదు.

“నాది అయిపోయింది మేడం. మా చెల్లె గదే బడిల ఏడు సదువుతుంది. దాంది గూడ గిదే జుట్టు. దానికి ఇంకా మార్కులు కోస్తనే ఉన్నరు.”

శుక్రవారం బడికి వెళ్లాను. గోడకు అంటించిన నిబంధనల కాగితం నా చేతిరాతే. జడల మాట తీసేయమని అడిగాను. ఇది మీరు పెట్టిందే కదా అన్నారు పెద్ద మేడం. అవునన్నాను. ఆ వరుస కొట్టేసి పక్కన సంతకం, తేదీ వేయమన్నారు. వేశాను. చెల్లెలికి ఇప్పటిదాకా పోయిన మార్కులు కలపమని కూడా అడిగాను. రిజిస్టరులో ఎక్కినవి మార్చే పద్ధతి లేదన్నారు.

ఆ పద్ధతి కూడా నేను పెట్టిందే.