నాన్న చెప్పిన ఏడో ఎక్కం

మా చిన్నప్పటి ఖరగ్‌పూర్‌లో నాన్నలు బడి గుమ్మం తొక్కేది రెండుసార్లే. పిల్లని చేర్పించడానికి ఒకసారి, ఆ పిల్ల ఎవరి పలకో పగలగొట్టినప్పుడు ఇంకోసారి. రైల్వే వాళ్లకి వర్క్‌షాపు సైరనుండేది, మాలాంటి వాళ్లకి కొట్టుండేది, మధ్యలో బడి సంగతి ఎవరికి పట్టేది? (ఇప్పటి నాన్నలు హోంవర్కు తామే చేసి, దానికి స్టారు పడకపోతే టీచరుకి ఫోను చేస్తారట. ఆ వైభోగం మాకెక్కడిది.) అలాంటిది ఎనభైల్లో ఒక ఏడాది, నేను మూడో తరగతిలో ఉండగా, మా నాన్నలందరూ కట్టకట్టుకుని బడికి రావడం మొదలుపెట్టారు. మేం చేసిన తప్పేమీ లేదు. మా తరగతి మేష్టారు రిటైరైపోయారు, అంతే.

బెంగాల్లోని ఆ రైల్వే ఊళ్లో, న్యూ సెటిల్‌మెంట్ కాలనీలో, మా తెలుగు బడి చాలా చిన్నది. కొత్త మేష్టారిని వేయాలంటే ఇన్‌స్పెక్టరు వచ్చి, తరగతి నడుస్తోందని రాసుకుని వెళ్లాలి. నడవడం లేదని రాస్తే మూడో తరగతి ఎత్తేసి మమ్మల్ని హిందీ బడిలో కలిపేస్తారు. పెద్ద మేష్టారు తండ్రుల్ని పిలిచి ఈ సంగతే చెప్పి, "ఆయనొచ్చేదాకా మీరే వంతులేసుకుని పాఠాలు చెప్పాలి బాబూ" అన్నారు. డ్యూటీ చార్టు వేయడం రైల్వే వాళ్లకి కొత్తా? పది నిమిషాల్లో తేల్చేశారు. సోమవారం గార్డు మావయ్య, మంగళవారం ఫిట్టరు బాబాయి, అలా ఎవరికి రెస్టున్న రోజున వాళ్లు. గురువారం లెక్కలు మాత్రం మా నాన్నకి పడ్డాయి. ఆ గుంపులో రైల్వే ఉద్యోగం లేని నాన్న ఆయనొక్కడే. పూరీ గేట్ బజారులో మాది బట్టల కొట్టు. "లెక్కలంటే కొట్లోవోడే సెప్పాల" అని ఫిట్టరు బాబాయి తేల్చేశాడు.

గార్డు మావయ్య పచ్చజెండా ఊపితేగాని మమ్మల్ని పుస్తకం తెరవనిచ్చేవాడు కాదు. ఫిట్టరు బాబాయి పాఠం జోలికే పోకుండా గదిలో ఉన్న బెంచీల నట్లన్నీ బిగించి వెళ్లిపోయాడు. తరగతంతా పండగలా ఉంది. నేను మాత్రం గురువారం బడి ఎలా ఎగ్గొట్టాలా అని చూస్తున్నాను. నాన్న సంగతి నాకు తెలుసు కదా.

అనుకున్నంతా అయింది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి, కుర్చీని అనుమానంగా చూసి, బల్లమీదెక్కి కొట్లోలాగే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "రండమ్మా, రండి, ఏటి సూపించమంటారు" అన్నాడు, అప్పటికే లోపల కూర్చుని ఉన్న ముప్పైమందితో. గార్డు మావయ్య కూతురు కిసుక్కున నవ్వింది. నేను బెంచీ కిందికి జారిపోయాను.

"ఏడెనిమిదులెంత?" అన్నాడు నాన్న.

"యాభై ఆరు."

"మరీ అంతేటి? యాభైకియ్యండి."

తరగతి బిక్కమొహం వేసింది. నాన్న బల్లమీంచి ముందుకు వంగాడు. "ఇదిగో, ఇనండి. సీరకి బేరముంటాది, ఎక్కానికుండదు. నానెంతకడిగినా మీరు దిగకూడదు. గిట్టదనాల. ఏదీ, యాభై రెండుకిస్తారా?"

"గిట్టదూ!" అని ముప్పై గొంతులు లేచాయి. ఆ తర్వాత ఆపడం ఎవరి తరం? యాభై మూడన్నాడు, గిట్టదన్నాం. పక్క కొట్లో చవగ్గా దొరుకుతుందన్నాడు, అక్కడే కొనుక్కోమన్నాం. మూడు గురువారాలు తిరిగేసరికి, పెద్ద మేష్టారి బెత్తానికి లొంగని ఏడో ఎక్కం ఆఖరి బెంచీలో వాడికి కూడా వచ్చేసింది. బెంచీ కింద దాక్కున్న నేను, పైకొచ్చి, మా నాన్నే మా నాన్నే అని అందరికీ చెప్పుకోవడం మొదలుపెట్టాను.

సరిగ్గా నాలుగో గురువారం, బడి గంట కొట్టీ కొట్టగానే ఇన్‌స్పెక్టరు దిగాడు. ఖరగ్‌పూర్‌లోనే పుట్టి పెరిగిన బెంగాలీ దాదా, తెలుగు మనలాగే మాట్లాడతాడు. బట్టల కొట్టాయన పాఠం చెప్పడం ఆయన కంట పడకూడదని పెద్ద మేష్టారు నాన్నని వరండాలోకి తోసేశారు. కబురు తెలిసి పరుగెత్తుకొచ్చిన మిగతా నాన్నలూ అక్కడే చేరారు. కిటికీ చువ్వల మధ్య అన్నీ మీసాలే.

దాదా కూడా ఏడెనిమిదులే అడిగాడు. యాభై ఆరని గార్డు మావయ్య కూతురు టక్కున చెప్పింది. మమ్మల్ని పరీక్షించాలనుకున్నాడో ఏమో, "యాభై నాలుగు కాదూ?" అన్నాడు.

"గిట్టదు సార్" అన్నాం అందరం.

ఆయన కళ్లజోడు తీశాడు. రోజూ చేపల బజారులో బేరమాడే మనిషి, అలాంటి మాట వింటే ఊరుకుంటాడా? "పోనీ యాభై అయిదు. ఇదే ఆఖరు" అన్నాడు.

"ఒకటే మాట సార్. యాభై ఆరు."

"అయితే నాకొద్దు" అని ఫైలు మూసి, లేచి, గుమ్మం వైపు నడిచాడు. వెనక బెంచీలు చప్పట్లు కొట్టాయి. కిటికీలో మీసాలు నవ్వాయి. గెలిచేశాం. నేను కూడా చప్పట్లు కొట్టాల్సిందే. కానీ నేను చూస్తున్నది గుమ్మం దాటబోతున్న కాలిని. పొద్దున్నే వచ్చిన మొదటి బేరం. బోణీ. బోణీకొచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపితే ఆ రోజంతా ఈగలు తోలుకోవాలని ఉగ్గుపాలతోనే నేర్చుకున్నదాన్ని. నన్నడక్కుండానే నా నోరు తెరుచుకుంది.

"సార్, సార్, ఇలా రండి. బోణీ బేరం, మీకని యాభై అయిదున్నరకిచ్చేస్తాను."

పెద్ద మేష్టారు గోడకానుకున్నారు. "సంపేసినావే, ఓలమ్మీ" అని కిటికీలోంచి ఫిట్టరు బాబాయి గొంతు వినిపించింది. హిందీ బడి గేటు నా కళ్లకి కట్టింది.

దాదా వెనక్కి తిరిగొచ్చి నా ముందు నిలబడ్డాడు. "ఆ అర ఎందుకు తగ్గించావమ్మా?"

"మీరు ఎళ్లిపోతన్నారు కదా సార్."

"ఈ లెక్కలు ఎవరు నేర్పారు?"

నా వేలు కిటికీ వైపు లేచింది. (కన్నతండ్రిని అంత సులువుగా పట్టిచ్చిన పిల్ల పూరీ గేట్ చరిత్రలో ఇంకొకత్తి ఉండదు.) నాన్న చెప్పులు వరండాలో విడిచి, చేతులు కట్టుకుని లోపలికొచ్చాడు.

"తప్పు పిల్లది గాదు బాబూ. ఎక్కం నానే నేర్పినాను, బోణీ నానే నేర్పినాను. ఒకటి బళ్లోన, ఒకటి కొట్లోన. సిన్న బుర్ర కదా, రెండూ కలిసిపోనాయి. నాలాటోడు పాఠం సెప్తే ఇలాగే ఉంటాది. అందుకే ఈళ్లకి సదువుకున్న మేష్టారు గావాల."

దాదా ఫైలుని మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత భుజాలు కదలడం మొదలుపెట్టాయి. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "ఇరవై తొమ్మిదిమంది మాట మీద నిలబడ్డారు. తరగతి నడుస్తోందనే రాస్తాను. మేష్టారిని పంపమని కూడా రాస్తాను, త్వరగా" అన్నాడు. ఆ 'త్వరగా' అన్నప్పుడు నా వైపే చూశాడు.

నెల తిరక్కుండానే కొత్త మేష్టారొచ్చారు. నాన్నలందరూ డ్యూటీ దిగినట్టు ఊపిరి పీల్చుకున్నారని నేను అనుకున్నాను. మొదటి గురువారం రాత్రి అన్నాల దగ్గర నాన్న కంచంలోకి చూస్తూ అడిగాడు. "కొత్త మేష్టరు ఎక్కాలు బాగా సెప్తన్నాడేటి?"

"చాలా బాగా."

"నాకన్నానా?"

"ఆఁ, నీకన్నా." నిముషం కూడా ఆలోచించలేదు. నోట్లో ముద్ద ఉంది.

"మరి మంచిదే గదా" అన్నాడు. అమ్మ ఇంకొంచెం చారు పోయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

చీర అంచు చూసి అమ్మేవాడి మనసులో ఏముందో చెప్పగలనని ఇప్పటికీ బజారులో గొప్పలు పోతుంటాను. ఆ రాత్రి అడ్డం పెట్టిన చేతి వెనక ఏముందో తెలుసుకోవడానికి మాత్రం నాకు ముప్పై ఏళ్లు పట్టింది. వెళ్లిపోతున్న దాదాకి అర తగ్గించినదాన్ని, నాన్నకి ఆ అర కూడా తగ్గించలేదని తెలిశాక నవ్వొచ్చింది, నామీద నాకే, ఒక్కదాన్నే వంటింట్లో చారు పోసుకుంటుండగా.