గ్లిజరిన్ చల్లిన వంగనారు

శేషారత్నం కోపం ఆమెకన్నా ముందే మెట్లు దిగుతుంది. ఫిల్మ్‌నగర్ బస్తీలోని ఆ మూడంతస్తుల ఇంట్లో అందరికీ ఇది అలవాటే. డాబా మీంచి "మోటారు కట్టకుండా పోయిన మహానుభావుడెవడ్రా?" అన్న కేక వినబడితే, కట్టేసినవాడు కూడా మరోసారి వెళ్ళి చూసుకొస్తాడు. అయితే ఆ కేకలు తిన్నవాళ్ళలో ఆమె చేతి అన్నం తిననివాడంటూ లేడు. ఎవరికైనా జ్వరమొస్తే మిరియాల చారు, పని దొరక్క ముసుగుతన్ని పడుకున్నవాడికి ఇంత పప్పన్నం, అన్నీ ఆ పైగది నుంచే దిగివస్తాయి. "తిండి దగ్గర మొహమాటమేంట్రా, నీ మొహం మండా" అని తిడుతూ రెండో గరిటె వేసే మనిషి ఆమె.

ఆమెది రేపల్లె దగ్గర పల్లె. షూటింగులకు భోజనాలు పంపే మెస్సులో భర్త వంటవాడు. ఆయన పోయాక అదే పొయ్యి ముందు ఈమె నిలబడింది. తెల్లారకముందే వెళ్ళి, యూనిట్ మొత్తానికి ఉప్మా కలిపి, కూరలు దించి, మధ్యాహ్నం దాటాక ఇల్లు చేరుతుంది. రాగానే కాళ్ళు కడుక్కుని దేవుడి దగ్గర దీపం పెడుతుంది. ఆ తర్వాత గది ముందున్న డాబా మీదికి వెళుతుంది. ఆమె అసలు సంసారం అక్కడుంది.

ఆ సంసారంలో పెద్దపీట వంకాయది. బజార్లో దొరికే వంకాయ కాదు. వాళ్ళ పుట్టింటి చేలో కాసిన వంకాయ. పొట్టిగా, బొద్దుగా, ఊదా రంగు మీద తెల్ల చారలతో, తొడిమ నిండా ముళ్ళతో ఉంటుంది. నూనెలో పడితే వెన్నలా మెత్తబడుతుంది. ఆ చేను ఇప్పుడు రొయ్యల చెరువు. ఊళ్ళో ఎవర్నడిగినా "ఆ వంకాయ ఇంకెక్కడిదమ్మా, అన్నీ ప్యాకెట్ విత్తనాలేగా" అంటారు. చెరువు తవ్వకముందు చీరకొంగున ముడివేసుకుని తెచ్చిన ఒక్క పండు విత్తనాన్నే ఆమె ఏటేటా కాపాడుకొస్తోంది.

పోయినేడు విత్తనానికని వదిలిన కాయల్ని, జూబ్లీహిల్స్ బండల మీంచి దిగిన కోతులు చీల్చి పారేశాయి. చిన్న సీసా అడుగున అంతకుముందు ఏటి గింజలు చిటికెడు మిగిలాయి. వంగ గింజ మరీ పాతబడితే మొలవదు. అందుకని ఈసారి ఉన్నవన్నీ పోసేసింది. ఈ నారు బతికితే ఆ వంకాయ ఉన్నట్టు, పోతే లేనట్టు.

రోహిణి కార్తె రాగానే గింజల్ని నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, పొయ్యిగట్టు మీద వెచ్చగా ఉండే మూలన పెట్టింది. తెల్లటి మొనలు కనబడ్డాక విత్తింది. కుండీలు ఆమె కొనదు. షూటింగులో తాగి పారేసిన టీ కప్పులు ఏరి, కడిగి తెచ్చుకుంటుంది. అడుగున చీపురుపుల్లతో చిల్లులు పొడిచి, జల్లించిన ఎర్రమట్టి, బాగా చివికిన పేడ ఎరువు, కొబ్బరిపొట్టు కలిపి నింపుతుంది. చీమలు గింజల్ని మోసుకుపోకుండా చుట్టూ బూడిద గీత గీస్తుంది. మొలకలు లేచాక చెంబుతో నీళ్ళు పొయ్యదు. పోస్తే మొదలు కుళ్ళి, నిలబడ్డ మొక్క నిలబడ్డట్టే వాలిపోతుంది. వేళ్ళు ముంచి, పేరంటంలో పన్నీరు చల్లినట్టు చల్లుతుంది. మొదట నీడపట్టున ఉంచి, తర్వాత పొద్దుటెండ రోజుకింత చూపిస్తూ ముదరబెడుతుంది.

మృగశిర చినుకులు పడేసరికి కప్పుకో మొక్క చొప్పున నారు నిటారుగా నిలబడింది. కాండాలు ఊదారంగు తిరిగాయి. పక్క డాబా మీద కొమురమ్మ ఖాళీ పెయింట్ డబ్బాల నిండా మట్టి పోసుకుని కాచుకుని కూర్చుంది. ఆమెది జనగామ దగ్గర ఊరు. జూబ్లీహిల్స్‌లో ఒక బంగ్లాలో ఊడ్చి తుడిచే పని.

"అక్కా, నాకెన్ని ఇస్తవ్?"

"ఆగవే, ఆరుద్ర రానీ. నెల తక్కువ పిల్లని అత్తారింటికి పంపుతామా?"

"నువ్విచ్చేసరికి నా మట్టిల గడ్డి మొలుస్తది."

ఒక మధ్యాహ్నం శేషారత్నం మెస్సు నుంచి వచ్చేసరికి గోడవార నారు కప్పులు పేర్చిపెట్టిన చెక్కపళ్ళేలు లేవు. వాటి చుట్టూ గీసిన బూడిద గీత మాత్రం ఉంది. కోతులేమో అనుకుంది. కానీ కోతులు పళ్ళేలతో సహా సర్దుకుపోవు గదా.

"కొమురమ్మా!"

ఆ కేకకు, బట్టలారేస్తున్న కొమురమ్మ ఉలిక్కిపడింది. "గా జగదీశ్ తీస్కపోయిండక్కా, ఆటోల పెట్టుకొని. నీకు జెప్పిననే అన్నడు."

"నాకా? ఎప్పుడు చెప్పాడు, కల్లోనా?"

"నాకేమెరుక? నవ్వుకుంట పోయిండు. నువ్వే ఇచ్చినవనుకున్న."

జగదీశ్ కింది వాటాలో ఉంటాడు. భీమవరం వైపు మనిషి, నలభైకి దగ్గర పడుతున్నాడు. సినిమా సెట్లలో సామాను సర్దే ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో పని. మంచివాడే. ఆమెకు నడుం పట్టేసినప్పుడు, అడక్కుండానే రోజూ నీళ్ళ బిందె పైకి మోసి పెట్టాడు. ఆ బిందె గుర్తొచ్చేకొద్దీ ఆమెకు మరింత మండింది. పరాయివాడైతే దొంగవెధవ అని తిట్టి ఊరుకోవచ్చు. వీణ్ణేమనాలి?

ఫోన్ చేస్తే కట్టేసి ఉంది. దీపం పెట్టింది గానీ దణ్ణం పెట్టలేకపోయింది. "అన్నీ చూస్తుంటావుగా, చూస్తూ కూర్చున్నావా?" అని దేవుణ్ణే అడిగింది.

సందె వేళకి జగదీశ్ పళ్ళేలు మోసుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"చూడండి పిన్నిగారూ, మీ నారు హీరోయినైపోయింది! సంతలో నారు అమ్మే సీను. ప్లాస్టిక్ మొక్కలు పెడితే డైరెక్టర్ గారు తన్ని పారేశారు. అరగంటలో నిజం నారు కావాలన్నారు. నాకు వెంటనే మీ డాబా గుర్తొచ్చింది."

"డాబా గుర్తొచ్చింది. డాబా మీదున్న మనిషి గుర్తు రాలేదు!"

"అడిగితే మీరు ఇస్తారండీ. కాకపోతే ముందు గంటసేపు తిడతారు. అక్కడ టైం లేదు." మీసంలో నవ్వాడు. "అయినా దొంగిలించిన మొక్క బాగా బతుకుతుందంటారు గదండీ."

ఆమె నవ్వలేదు. వంగి చూసింది. ప్రతి ఆకు మీదా బొట్లు బొట్లుగా మెరుపు. పొద్దుటి మంచు సాయంత్రందాకా ఆరకుండా నిలిచినట్టుంది. వేలు పెడితే బంకలా అంటుకుంది.

"ఏంట్రా ఇది?"

"గ్లిజరినండీ. నీళ్ళు చల్లితే లైట్ల వేడికి ఇట్టే ఆరిపోతున్నాయి. మంచుబొట్టు నిలవాలంటే గ్లిజరిన్ కొట్టాల్సిందే. పూలమీదా పళ్ళమీదా రోజూ కొట్టేదే. ఆర్టిస్టుల కళ్ళ దగ్గరే పూస్తాం, ఆకులకేమవుతుంది?"

"మనుషులైతే ఏడుస్తారు. ఆకులు ఏడవ్వురా, చస్తాయి."

జగదీశ్ మొహంలో వెలుగు తగ్గింది. అప్పటికప్పుడు ఇద్దరూ కూర్చుని ఒక్కొక్క ఆకునీ వేళ్ళ మధ్య పట్టి నీళ్ళతో కడిగారు.  తిట్లు ఎప్పుడు పడతాయా అని జగదీశ్ కంగారుగా కడిగాడు. ఒకటి రెండు లేత ఆకులు తుంపేశాడు కూడా.

మర్నాడు ఆమె పనినుంచి వచ్చేసరికి ఆకుల అంచులు కాలిన కాగితాల్లా నల్లబడి ముడుచుకున్నాయి. సెట్లో లైట్ల వేడికి ఉడికి, ఆ పైన బంక తేమంతా పీల్చేయడంతో, నిన్నటిదాకా నిటారుగా ఉన్న నారంతా తలలు వాల్చేసింది. ఆమె పళ్ళెం ముందు చతికిలబడింది. అప్పుడే జగదీశ్ పైకొచ్చాడు. చూశాడు. అనకూడని మాట అన్నాడు.

"బాధపడకండి పిన్నిగారూ. రేపు నర్సరీ నుంచి ఇంతకన్నా మంచివి తెచ్చిస్తాను."

"ఇంతకన్నా మంచివా?"

ఆమె లేచింది. ఒక కప్పు తీసి అతని కాళ్ళ ముందు విసిరికొట్టింది. "ఇది ఎక్కడ దొరుకుతుందిరా? ఏ నర్సరీలో?" ఇంకో కప్పు. "మా అమ్మ చేతి విత్తనం ఎవడమ్ముతాడు? నీకు ఇదీ సెట్టు సామానే! వాడుకున్నావు, తెచ్చి పడేశావు!" మట్టి చిట్లి గోడలకు కొట్టుకుంది. మొక్కలు వేళ్ళతో సహా నేలమీద చెల్లాచెదురయ్యాయి. జగదీశ్ కదల్లేదు. తగలనీ అన్నట్టు నిలబడ్డాడు. అతను తప్పుకోకపోవడం చూసి ఆమెకు ఇంకా ఒళ్ళు మండింది. పళ్ళెం మొత్తం ఎత్తబోయింది.

పిట్టగోడ దూకి కొమురమ్మ వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"బుద్ధున్నదా అక్కా నీకు? ఆకు మాడింది గని కాండం మాడలె. గిటు సూడు, నడిమి సిగురు పచ్చిగనే ఉన్నది! ఆయన సగం సంపిండు, మిగిలిన సగం నువ్వు సంపుతవా?"

"నా నారు, నా ఇష్టం."

"నీదెట్లయితది? నా మట్టి నెల సంది ఎదురుసూస్తున్నది." కొమురమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, పడ్డవాటిని ఒక్కొక్కటే ఏరి తడిపిన గోనెలో పరిచింది. మాడిన ఆకులు గోటితో గిల్లేసింది. పళ్ళెంలో మిగిలినవాటినీ వదల్లేదు. మూటంతా తీసుకుని గోడ దాటిపోతూ, "నీ కోపం తగ్గినంక అడుగు. గప్పటిదాంక ఇయ్య" అంది.

మట్టి చేతులతో శేషారత్నం అక్కడే నిలబడిపోయింది. జగదీశ్ చీపురు తెచ్చి మట్టి ఊడ్చాడు. ఆమె వద్దనలేదు. 

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆమె మెస్సులో కూరలు కూడా కోపంగానే వండింది. ఉప్పెక్కువైందని మేనేజరొస్తే అతన్నీ కడిగేసింది. ఇంటికొచ్చి, బట్టలు తీసే నెపంతో పక్క డాబా వైపు ఓరగా చూసేది. కొమురమ్మ తన పాత చీర పందిరేసి నీడ కట్టింది. ఒకరోజు ఆ చీర స్థానంలో సెట్లలో వాడే ఆకుపచ్చ వల కనబడింది. మరోరోజు చుట్టూ కోతులు దూరకుండా ఇనుప జాలీ. జగదీశ్ ఎప్పుడొచ్చి కట్టిపోయాడో ఆమెకు కనబడలేదు. కనబడకుండా కట్టడమే అతనికి తెలిసిన క్షమాపణ కాబోలు. అది చూసి కూడా ఆమె మనసు మెత్తబడలేదు. కాకపోతే ఆ వల ముడి సరిగా వేశాడా లేదా అని మాత్రం ఎగిరి ఎగిరి చూసింది.

చాలావరకు పోయాయి. గుప్పెడు మొక్కలు మాత్రం కొత్త చిగురు వేశాయి. ఆరుద్ర కార్తె వెళ్ళేలోగా కొమురమ్మ వాటిని గోడ మీద పెట్టింది. "సగం నీయి, సగం నాయి."

శేషారత్నం ఒక్కటే తీసుకుంది. "మిగతావి నీ దగ్గరే ఉండనీ. అన్నీ ఒకచోట పెట్టుకుని మురిసిపోయాను, చాలు. నా చేతి మీద నాకే నమ్మకం పోయింది." కొమురమ్మ మొహం చూడకుండా ఈ మాట అంది. ఆ సాయంత్రం పక్క డాబాకి గిన్నెడు పులిహోర వెళ్ళింది, "ఎంతిస్తే అంత తిను, మాట్లాడకు" అన్న తిట్టుతో సహా.

వినాయక చవితి దాటాక కాయ దిగింది. బస్తీ అంతా ఆశగా తొంగిచూసింది. ఆమె ఎవర్నీ ముట్టనివ్వలేదు. తొలికాయ అమ్మవారికి పెట్టడం ఆమె పుట్టింటి ఆచారం. ఈ ఏడు అమ్మవారి పటం ముందు నిలబడి, "తల్లీ, నువ్వు కూడా ఆగాలి" అని గట్టిగానే చెప్పింది. కాయలు ముదిరి, పసుపు తిరిగి, చెట్టుమీదే మెత్తబడేదాకా కాపలా కాసింది. అప్పుడు కోసి, నీళ్ళలో పిసికి, మునిగిన గింజల్ని వడకట్టి బూడిదలో దొర్లించి నీడన ఆరబెట్టింది. చిటికెడు కాదు, ఈసారి దోసెడు.

కాగితం పొట్లాలు కట్టింది. కొమురమ్మకొకటి. మెస్సులో తనతో పాటు వండే అమ్మాజీకొకటి. ఆమెకు యూసుఫ్‌గూడలో డాబా ఉంది. కొమురమ్మ పనిచేసే బంగ్లా వాచ్‌మన్ నర్సింహకి ఒకటి. అక్కడ వెనక పెరడు ఖాళీగా ఉందట. ఒకరి దగ్గర పోయినా ఇంకొకరి దగ్గర ఉండాలి. తక్కిన కాయలన్నీ ఆ తర్వాతే వంటకి.

జగదీశ్ మెట్ల పైకొసన నిలబడి అంతా చూశాడు. ఆ గొడవ తర్వాత అతను పైకెక్కడం ఇదే మొదలు.

"నాకు, పిన్నిగారూ? మా అమ్మకి పంపుతాను, భీమవరం. పెరడుంది."

శేషారత్నం అతనికేసి చూసింది. పొట్లం కోసం చాపిన చెయ్యి అలాగే ఉంది. ఆ అరచేతిలో ఇనుప జాలీ గీరిన గీతలు ఇంకా మానలేదు.

"శుక్రవారం గుత్తివంకాయ వండుతున్నాను. రా, తిను. కడుపునిండా పెడతాను," అంది మిగిలిన గింజల సీసాకి మూత బిగిస్తూ. "విత్తనం మాత్రం నీ చేతికివ్వను. మీ అమ్మ ఫోన్ నంబరియ్యి. ఆవిడతో నేను మాట్లాడతాను."