గంట మోగని శుక్రవారం

పోయిన వారం కర్నూల్లో మేముంటున్న ఇంటికి కొత్త మీటరు బిగించడానికి ఒకాయన వచ్చాడు. నిచ్చెన పట్టుకునే ఉద్యోగం మా ఆవిడ నాకిచ్చింది. ఫిజిక్సులో డిగ్రీ చదివిన మనిషికి కరెంటు పనిలో అంతకన్నా పెద్ద బాధ్యత అప్పజెప్పే ధైర్యం ఆమెకు ఇన్నేళ్ళలో ఎప్పుడూ కలగలేదు. ఆయన పాతది విప్పి కొత్తది పెట్టి, దాని అద్దాన్ని చొక్కా అంచుతో తుడిచి, "ఇంగ దీన్ని ఎవురూ ఏమార్చలేరు సార్. ఈడ ఏం జరిగినా ఆడ ఆఫీసులో తెలిసిపోతాది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వితే నిచ్చెన కదిలింది. "నేను దిగినంక నవ్వుకో సార్" అన్నాడాయన. అట్లాగే, ఆయన దిగి బండెక్కి వెళ్ళిపోయాక తీరిగ్గా నవ్వుకున్నాను. ఎందుకంటే ఒకప్పుడు నేను బతికిన వీధిలో కరెంటును నడిపించింది మీటరూ కాదు, ఆఫీసూ కాదు. చర్చి గంట.

కోసిగి దగ్గర ఒక పల్లె అది. డిగ్రీ అయిన కొత్తలో ఆ ఊరి బడిలో విద్యా వాలంటీరుగా చేరాను. పేరులో విద్య ముందున్నా, జీతం రోజు వచ్చేసరికి వాలంటీరే ముందుకొచ్చి నిలబడేవాడు. అందుకని తిండీ పడకా మా పెద్దమ్మ ఇంట్లోనే. పెద్దనాన్న చర్చిలో గంట కొట్టే మనిషి. చర్చి ఊరికి తూర్పున, రోడ్డు పక్కన. దాని వెనకాల మావాళ్ళ వీధి. రాళ్ళ గోడలు, మట్టి మిద్దెలు, మధ్యమధ్య సర్కారు కట్టించిన సిమెంటు ఇళ్ళు. వాన మొహం చాటేసిన ఏడాది, అంటే దాదాపు ప్రతి ఏడాదీ, పండగలు దాటగానే ఆ వీధిలో సగం ఇళ్ళకు తాళాలు పడేవి. గుంటూరు పక్క మిరపకాయలు కోయడానికి పిల్లాజెల్లా కట్టుకుని లారీ ఎక్కేవారు. దాన్ని సుగ్గికి పోవడం అంటారు. సుగ్గి అంటే పంటకాలమని అర్థం. పంట తమది కాకపోయినా ఆ మాటను మాత్రం మావాళ్ళు తమదిగానే వాడుకునేవారు.

చదువుకునే పిల్లలున్న వాళ్ళు మాత్రం పిల్లల్ని మా పెద్దమ్మ దగ్గర వదిలి వెళ్ళేవారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ అది ఆ వీధి పద్ధతి అయిపోయింది. బియ్యం మూట, జొన్నల మూట, ఒక బిడ్డ, ఈ క్రమంలో దించి పోయేవారు. ఆ ఏడు ఆ గుంపులో పెద్దది పెద్దమ్మ కూతురి కూతురే. పదో తరగతి. వాళ్ళ నాన్నకు ఆ చదువు మీద పెద్ద నమ్మకం లేదు. మిరపతోటలో రెండు చేతులు ఎక్కువుంటే ఎంత లాభమో ఆయనకు బాగా తెలుసు. పోయేటప్పుడు లారీ మీద నుంచే చెప్పాడు: "ఇంట్లో లైటు ఉన్నెన్ని దినాలు సదువుకోనీ అత్తా. లైటు పాయెనంటే పాపను మా తావుకు పంపియ్. సీకట్లో కూసోని ఏం సదువుతాది?" ఆ మాట పెద్దమ్మ గుండెలో దిగబడిపోయింది. ఎందుకంటే ఆ ఇంటి లైటు ఎట్లా వెలుగుతుందో ఆమెకు తెలుసు, అల్లుడికీ తెలుసు.

మొదట ఆ ఇంటికీ మీటరుండేది. పెద్దమ్మా పెద్దనాన్నా కూడా సుగ్గికి పోతున్న కాలంలో ఇల్లు తాళంలో ఉన్నా బిల్లు మాత్రం తలుపు సందులోంచి క్రమం తప్పకుండా లోపలికి పోయేది. తిరిగొచ్చి తలుపు తీస్తే గడపలో కాగితాల కుప్ప. ఆ కుప్ప కట్టలేకపోతే ఒకరోజు మీటరు పీక్కుపోయారు. అట్లా వాడని కరెంటుకు బిల్లు కట్టలేక, కట్టని బిల్లుకు కరెంటు పోగొట్టుకుని, చివరికి మావాళ్ళు బిల్లు లేని కరెంటుకు అలవాటుపడ్డారు. వీధి మొత్తం కథ దాదాపు అదే.

మసకపడేవేళ పెద్దమ్మ ఒక జత రబ్బరు చెప్పులు తొడుక్కునేది. ఆ చెప్పులు చర్చికి పనికిరావు, సంతకు పనికిరావు, కేవలం ఆ పనికే. పొడుగాటి వెదురు గడకు వైరు కొక్కెం తగిలించి, తల పైకెత్తి, కళ్ళు చిట్లించి, ఉతికిన చీర ఆరేసినంత తేలిగ్గా వీధి కరెంటు తీగ మీద వేసేది. నేను ఫిజిక్సు చదివాను, ఆమె ఫిక్సు చేసేది. ఒకరోజు సాయం చేద్దామని గడ పట్టుకోబోయాను. "నువ్వు దూరం నిలబడు నాయనా" అంది. "సదువుకున్నోనివి. నీకేమన్నా అయితే మీ యమ్మకు నేను జవాబు చెప్పుకోవాల. నాకేమన్నా అయితే మీ పెద్దనాయన పాట పాడి పూడ్సి వస్తాడు."

పెద్దనాన్న ఆ గడ వైపు చూసేవాడు కాడు. కొక్కెం వేసే వేళకు ఆయనకు ఎప్పుడూ పడమటి వైపు ఏదో పని ఉండేది. రాత్రి బైబిలు చదవడానికి కూర్చుంటే మాత్రం పక్కన కిరసనాయిలు బుడ్డి వెలిగించుకునేవాడు. నెత్తిన బల్బు భగభగా వెలుగుతుంటే, దాని కింద బుడ్డి. నేను ఉండబట్టలేక అడిగాను. "నేను సదివేది బుడ్డి ఎలుగుకే" అన్నాడు. "ఆ పైదాని ఎలుగు వచ్చి నా పుస్తకం మీద పడ్తే నేనేం జేసేది అప్పా?" పెద్దమ్మ పొయ్యి దగ్గర్నుంచి, "బుడ్డి ఆర్పి సదువు, యా ఎలుగుకు సదువుతాండావో తెలుస్తాది" అనేది. ఆయనకు ఆ మాట వినపడేది కాదు.

వినపడనట్టుండటంలో ఆయన చేసిన అసలు పని గంట విషయంలోనే. తెల్లవారుజామున ఆయన గంట కొట్టేది ప్రార్థన కోసం. ఆ సంగతి నిజమే. కానీ ఆ గంటకు వీధిలో జనం లేచి మొదట మోకరించేవారు కాదు, గడ అందుకునేవారు. పగటిపూట తీగల మీద కొక్కెం కనబడితే ప్రమాదం గనక, గంట మోగేసరికి వీధి పొడుగునా కొక్కేలు దిగిపోయేవి. ప్రార్థన ఆ తర్వాత. ఊరి లైన్‌మన్ కూడా ఆ గంటను లెక్కలో పెట్టుకునే మా వీధికి ఆలస్యంగా వచ్చేవాడు. ఎవరూ ఎవరితోనూ చెప్పుకున్న ఏర్పాటు కాదది. గంట కొట్టే మనిషికి తెలియకుండా గంట పనిచేస్తోందని అందరం నమ్మేవాళ్ళం. అందరికన్నా ఎక్కువగా ఆయనే నమ్మేవాడు.

మా చర్చికి పాత ఆచారం ఒకటుంది. యేసు సిలువ దినాల్లో, గురువారం సాయంత్రం నుంచి ఈస్టరు తెల్లవారేదాకా గంట మోగకూడదు. పెద్దనాన్న గంట నాలుకకు తెల్లగుడ్డ చుట్టి కట్టేసేవాడు. శుభ శుక్రవారం నాడు గంట లేదు గనక కొక్కేలు దిగేవి కావు. ఎప్పుడూ అంతే, కానీ ఎప్పుడూ ఏమీ కాలేదు. అది సెలవు దినం, ఆఫీసులు మూత. ఆ ఏడు మాత్రం ఆ శుక్రవారం మార్చి ఆఖర్లో వచ్చి కూర్చుంది. మార్చి ఆఖర్లో బకాయిలు వసూలు చేసేవాళ్ళకు సెలవులుండవన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. పాపకు సోమవారం లెక్కల పరీక్ష.

ఆ పొద్దున నేనూ పెద్దనాన్నా చర్చి ఊడ్చుకుంటూ చాపలు పరుస్తున్నాం. మధ్యాహ్నం ఆరాధనకు. కిటికీలోంచి రోడ్డు మీద దుమ్ము కనబడింది. దుమ్ములో జీపు. వెనక నిచ్చెన కట్టిన ఆటో. అవి చర్చి దాటి, చెరుకు బండి అడ్డుంటే ఆగి, హారన్ కొడుతున్నాయి. వీధి మలుపు ఇంకా కొంచెం దూరం ఉంది.

"పెద్దనాన్నా, గంట" అన్నాను.

ఆయన తలెత్తి గంట వైపు చూశాడు. తాడు చేతికి అందేంత దగ్గర్లోనే ఉంది. గుడ్డ ఊడదీసి రెండుసార్లు లాగితే చాలు, వీధి మొత్తం గడలు పట్టుకుని బయటికొస్తుంది. లాగకపోతే ముందు దిగేది వీధి మొదట్లోనే ఉన్న ఆయన ఇంటి కొక్కెమే. మనవరాలి బల్బే.

"ఇది దేవుని కోసరం కట్టినా" అన్నాడు. "దొంగతనం కోసరం ఇప్పమంటావా?"

దొంగతనం అన్న మాట ఆయన నోట అదే మొదటిసారి వినడం. చీపురు గోడకు ఆనించి, పంచె సర్దుకుని, జీపు వెళ్ళిన వైపు నడిచాడు. ఆయన ఎప్పుడూ మెల్లగా నడిచే మనిషి. ఆ రోజు నేను పరుగెత్తవలసి వచ్చింది.

మేం వెళ్ళేసరికి వీధి నిండా తీగల నుంచి కొక్కేలు వేలాడుతున్నాయి, వాటిని దించాలని గడలెత్తి మనుషులూ వాటికి వేలాడినంత పని చేస్తున్నారు. పెద్దమ్మ హడావుడిలో ఒకే చెప్పు తొడుక్కుని, గడ పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. కొత్తగా వచ్చిన ఇంజనీరు కుర్రవాడు. మావైపు వాడు కాదు. లైన్‌మన్ తల వంచుకుని తన చెప్పులు చూసుకుంటున్నాడు.

"ఈ ఇల్లెవరిది?" అన్నాడు ఇంజనీరు.

"నాది సార్" అన్నాడు పెద్దనాన్న. "ఆ పక్కదీ నాదే రాసుకో. ఆ పైవీ నావే రాసుకో."

"అన్ని ఇళ్ళూ నీవేనా పెద్దాయనా?"

"ఇండ్లు కావు. కొక్కేలు నావి. పొద్దున్నే గంట కొట్టేది నేను. నా గంటకే వీళ్ళు దించుతారు. ఈ పొద్దు కొట్టలేదు, దించలేదు. ఇన్ని దినాలూ తెల్సీ తెల్వనట్ల ఉంటి. రాసేదుంటే ముందు నా పేరు రాసుకో."

ఇంజనీరు లైన్‌మన్ వైపు చూశాడు. లైన్‌మన్, "గంట మాట నిజమే సార్" అని, అన్నాక తను ఎంత ఒప్పుకున్నాడో తట్టి గట్టిగా దగ్గాడు. కేసు రాయడానికి వచ్చిన మనిషికి ఎదురు తిరిగేవాళ్ళూ, కాళ్ళమీద పడేవాళ్ళూ అలవాటే. తనే వచ్చి వీధంతటి నేరాన్ని భుజానేసుకునేవాడు ఏ సెక్షన్ కిందికి వస్తాడో ఆయనకు అంతు చిక్కినట్టు లేదు. వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి నడిచి వచ్చాడు. తాళాలు, ముసలివాళ్ళు, పుస్తకాలు పట్టుకున్న పిల్లలు. చివరికి కొక్కేలన్నీ దించి వైర్లు ఆటోలో వేయించాడు. కేసు మాత్రం ఒక్క పెద్దనాన్న పేరునే రాశాడు. "మిగతావాళ్ళు మీటర్లకు అర్జీలు పెట్టుకోండి. పాత బాకీ వాయిదాల్లో కట్టే ఏర్పాటు చేస్తాను. మళ్ళీ తీగ మీద కొక్కెం కనబడితే ఇట్లా మాట్లాడను" అన్నాడు. మాట మీద నిలబడ్డాడు కూడా. పెద్దనాన్న జరిమానా, బాకీ రెండూ వాయిదాల్లో కట్టి తీర్చాడు.

జీపు ఆఫీసు చేరకముందే కబురు గుంటూరు చేరింది. ఆరాధన ముగిసి ఇంటికొచ్చేసరికి ఫోను. "లైటు పాయెనంట గదా అత్తా. రేపు బస్సుకు పాపను పంపియ్" అన్నాడు అల్లుడు. మూలన పాప లెక్కల పుస్తకం మూసి, తెరిచి, మళ్ళీ మూసింది. పెద్దనాన్న మొలతాడుకున్న చర్చి తాళంచెవి తీసి చేత్తో పట్టుకుని, ఫోను అందుకున్నాడు. "పాప ఈడ్నే ఉంటాది అప్పా. గుడిలో మీటరుండాది, సంఘం బిల్లు కట్టిన లైటు ఉండాది. దాని కింద సదువుతాది. పరీచ్చలైనంక నువ్వే వచ్చి తోల్కపో" అన్నాడు. ఆ ఇంట్లో అల్లుడితో ఆయన అంత పొడుగ్గా మాట్లాడటం కూడా అదే మొదలు.

చర్చి అయ్యగారు ఒప్పుకుంటారో లేదోనని నాకు భయం. సిలువ దినాల్లో గుడిలో దీపాలు పెట్టకూడదన్నది కూడా ఆచారమే. ఆయన అదే అన్నారు. పెద్దమ్మ కొంగు బిగించుకుని, "గంటను కట్టమన్నారు గానీ బల్బును కట్టమన్లేదు గదయ్యా" అంది. అయ్యగారు గోడ మీది స్విచ్చుల వైపు చూశారు. "సరే, లైటు ఎయ్యండి" అన్నారు. "ఫ్యాను మాత్రం వద్దు. ఇది యేసు శ్రమపడిన దినం." అట్లా ఆ రెండు సాయంత్రాలు వీధిలోని పిల్లలందరూ చర్చిలో చాపల మీద చెమటలు కక్కుతూ చదివారు. లెక్కలు చెప్పింది నేనే. ఒక లెక్క నాకు రాకపోతే, "దేవుని ఎదుట రానట్ల నటించొద్దు నాయనా" అంది పెద్దమ్మ. నటించడం లేదని ఆమెను నమ్మించడానికి చాలాసేపు పట్టింది. పాప పరీక్షలన్నీ రాసింది. ఇప్పుడు నందికొట్కూరులో నర్సు.

ఈస్టరు రోజు తెల్లవారుజామున పెద్దనాన్న గుడ్డ విప్పి గంట కొట్టాడు. నేను మిద్దె మీద ఉన్నాను. వీధిలో తలుపులన్నీ ఎప్పటిలా తెరుచుకున్నాయి. ముసలమ్మలు, తాతలు కళ్ళు నులుముకుంటూ బయటికొచ్చి, గడలు అందుకుని, తల పైకెత్తారు. తీగల మీద ఏమీ లేదు. గడలతో అట్లాగే ఒక్క క్షణం నిలబడి, ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. తర్వాత గడలు గోడలకు ఆనించి, వేరే పనేమీ లేదు గనక, అందరూ చర్చికి నడిచారు. ఆ ఏడాదే ఆ వీధిలో ఇంటింటికీ మీటర్లు వచ్చాయి. గంటకు తల పైకెత్తడం మాత్రం మావాళ్ళలో చాలా ఏళ్ళు పోలేదు. కాలం ఇళ్ళలోకి ముందుగానే వస్తుంది, మనుషుల మెడల్లోకీ చేతుల్లోకీ మాత్రం తీరిగ్గా వస్తుంది.