నీళ్ల ట్యాంకు మీద కొండముచ్చు

ఏప్రిల్ రెండో సోమవారం, సాయంత్రం. నాచారం, మా కాలనీ నీళ్ల ట్యాంకు కింద. హాజరైనవారు: కాలనీ అధ్యక్షుడైన మా బావమరిది, ఎదురింటి చెల్లెమ్మ, ఇరుగుపొరుగు, కొండముచ్చును అద్దెకు తెచ్చిన మనిషి, నేను. నడుముకు తాడుతో కొండముచ్చు.

డైరీలో ఇంతవరకు రాశాక కలం ఆగిపోయింది. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, నేను ఇక్కడి ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరిన కొత్తలో ఉప్పల్ వైపంతా బండలూ సీతాఫలం పొదలే. మా అమ్మ మిద్దె మీద వడియాలు పెడితే కోతులు వచ్చేవి, కర్ర చూపితే పళ్లికిలించి పోయేవి, పోవడానికి వాటికంటూ ఒక గుట్ట ఉండేది గనుక. ఆ గుట్టను పేల్చి ప్లాట్లు చేసుకున్నది మనమే. అవి వంటింట్లోకి వస్తున్నాయని, వాటిని బెదిరించడానికి ఏ అడవిలోనో పట్టుకొచ్చిన కొండముచ్చును ట్యాంకు మీద కట్టేస్తున్నదీ మనమే.

అడవి జంతువును ఇలా కట్టేయడం నేరమని ఆ సాయంత్రం అందరి ముందూ అన్నాను.

"ఏంది బావా, మొన్న నా మనుమరాలిని కోతి కరిసిననాడు నీ చట్టం యాడ బోయింది?" అన్నాడు బావమరిది.

ఆ పిల్లను దవాఖానాకు తీసుకెళ్లింది నేనే. అయినా తగ్గలేదు. పొద్దునకల్లా దింపకపోతే అటవీశాఖకు ఫోన్ చేస్తానన్నాను.

"చెయ్, మస్తుగ చెయ్! కోతులన్నిట్ని నీ ఇంట్లనే పెట్టుకో, మా అక్క వండి పెడ్తది."

అందరూ నవ్వారు. చెల్లెమ్మ మాత్రం నవ్వలేదు. "ఫోన్ జేసినవంటే నీతోని మాటల్లేవ్ అన్నా."

మర్నాడు మంగళవారం. తెల్లవారేసరికి ఆడవాళ్లంతా కొండముచ్చును హనుమంతుడంటూ ట్యాంకు మెట్ల మీద కొబ్బరికాయలు కొట్టి, అరటిపళ్లు పెట్టి దండాలు పెడుతున్నారు. వాళ్లు పక్కకు జరగగానే, తాడు ఎంతవరకు అందుతుందో కనిపెట్టిన కోతులు మిద్దెల మీంచి దిగివచ్చి పళ్లు తినసాగాయి. కొండముచ్చు తాడు చివరికంటా ఉరికి, పుండుపడ్డ నడుము పట్టుకుని కూలబడింది.

అందరూ వింటుండగానే ఫోన్ చేశాను. అద్దె మనిషి జారుకున్నాడు. అటవీశాఖ వాళ్లు వచ్చి తాడు కోసి, పుండు మానాక అడవిలో వదులుతామని బోనులో తీసుకుపోయారు. బావమరిది నా ముఖం చూడకుండా గేటు వేసుకున్నాడు.

ఒకప్పుడు ఈ వీధిలో సాయంత్రం తిట్టుకున్నవాళ్లం పొద్దున వీధిపంపు దగ్గర పలకరించుకోక తప్పేది కాదు. ఇప్పుడు ఇంటింటికీ బోరుంది. చెల్లెమ్మ కొబ్బరి ముక్కలు వీధంతా పంచుతూ వచ్చి, మా గుమ్మం వదిలేసి పక్కింటికి వెళ్లింది.