ముందు మన మీటరు సంగతి

మొన్న రిటైరైన, బెంగాల్‌లోని మా కాలేజీ ల్యాబ్ అటెండరు ఏది కొలవబోయినా ముందు మీటరు తీగల కొనలు రెండూ ఒకదానికొకటి తాకించి, సున్నా చూశాకే పని మొదలుపెట్టేవారు. అదే ఊళ్లోని ఏక్‌బాల్‌పూర్ పేట నుంచి వచ్చే శ్రీకాకుళం మనిషి. అది చాదస్తమని లెక్చరరునైన నేను చాలాసార్లు పోట్లాడాను.

ఒకసారి ప్రాక్టికల్స్‌కు వారం ముందు, నేను వాదించి మరీ కొనిపించిన చవక పవర్ సప్లైలు నా పరువు తీశాయి. డిస్‌ప్లేలో ఐదు వోల్టులు, బయటికొచ్చేది నాలుగున్నర. "ఫేలే దిన్!" అంటూ పారేయమన్నారు మా బెంగాలీ హెడ్డు.

"పారేడానికేటుంది మేడమ్? డబ్బా లోపలెక్కడో కొలిసి సెప్తంది. గుమ్మం కాడ కొలిపిద్దాం," అని నాతో అంటూ అటెండరు మూత విప్పారు. డిస్‌ప్లే కొలత తీగలు రెండూ లోపల ఊడదీసి, నేరుగా బయటి టెర్మినళ్లకు అతికించారు. వోల్టేజీ పెంచే చిన్న స్క్రూ తిప్పుతూ మా ల్యాబ్ మీటరుతో సరిచూశారు. రెండింటిలోనూ 5.00!

హెడ్డు నమ్మక తన ఖరీదైన మీటరు తెచ్చి పెట్టారు. 5.04. నాకేసి చూసి నవ్వారు.

"ఏక్ మినిట్, సార్." అటెండరు ఆ మీటరు కొనలు రెండూ తాకించారు. సున్నా రావలసిన చోట 0.04 వచ్చింది.

ప్రాక్టికల్స్ అయ్యేదాకా హెడ్డుగారు ఎదురుపడ్డ ప్రతిసారీ నేను నా చూపుడువేళ్లు రెండూ తాకించి చూపించాను.