పసుపు కింది అక్షరాలు

1996 జూన్ 8, శనివారం. హాజరైనవారు: పాత కట్టడాల శాఖ నుంచి వచ్చిన జులూ అధికారిణి, మా భజన మందిరం కమిటీ అధ్యక్షుడు, ఎనభై దాటిన అక్క, నేను. అక్క నాకు చుట్టమేమీ కాదు. మా చెరకు ఊళ్ళో నాకంటే పెద్ద ఆడవాళ్ళందరూ నాకు అక్కలే.

మందిరమంటే రేకుల షెడ్డు. ఓడలో ఈ దేశం వచ్చి, చెరకు తోటలో కూలి ఒప్పందం గడువు తీరాక అక్క తండ్రి కట్టాడు. దాన్ని పడగొట్టి ఇటుకల హాలు కట్టాలని అధ్యక్షుడి పట్టుదల. తెల్లవాళ్ళ పాలన పోయి వచ్చిన కొత్త ప్రభుత్వంలో మన రేకులకు కూడా విలువ ఉంటుందని ఎవరో చెబితే, షెడ్డును పడగొట్టనివ్వొద్దని ఆ శాఖకు అక్క నా చేత అర్జీ రాయించింది. అర్జీ బలమంతా గుమ్మం పైనున్న చెక్కపలకే. దాని మీద నల్లరంగుతో ఒక తెలుగు వాక్యం. అది తండ్రి రాసిన మంత్రమని అక్క నమ్మకం. ప్రతి ఆదివారం దానికి పసుపు రాసి బొట్టు పెడుతుంది. ఊళ్ళో తెలుగు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

అక్క ముందురోజే వచ్చి చెప్పింది: "తమ్ముడూ, రేపు ఆ మేడమ్ ముందర గట్టిగా చదువు. మాస్టరుగా ఉన్నప్పుడు స్కూల్లో పిల్లల మీద అరిచినట్టు రావాల గొంతు, హే?"

తల ఊపాను. ఆ వాక్యం నేను పన్నెండో ఏటే చదివాను. అప్పటి డైరీలో ఉంది. పలకకు పసుపు పడడం మొదలయ్యాక, చెప్పడానికి మంచిరోజు దొరకలేదు. డైరీలో నేనెన్నడూ అబద్ధం రాయలేదు. రాసింది బయటికి చెప్పకపోవడం అబద్ధం కాదని యాభై ఏళ్ళకు పైగా నాకు నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను.

"ఆ పలక మీద ఏముంది మ్ఖులూ?" అంది అధికారిణి, వాళ్ళ భాషలో తాతా అని పిలుస్తూ.

కళ్ళద్దాలు రెండుసార్లు తుడిచాను. ఒక శ్లోకం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ సాయంత్రం డైరీలో ఏం రాయను? నా చేత నిజం చెప్పించింది ధైర్యం కాదు, ఆ చిక్కే.

"లోపల చుట్ట కాల్చరాదు." ఇంగ్లీషులోనూ చెప్పాను.

అధ్యక్షుడు పకపకా నవ్వాడు. "నో స్మోకింగ్! ఇన్నేళ్ళూ నో స్మోకింగ్ బోర్డుకా అంకుల్ మనం దండం పెట్టింది? సారీ మేడమ్, ఇంత దూరం రప్పించాం."

"ముదనష్టపోడా, ఇప్పుడా చెప్తావు!" అని అక్క నా మీద విరుచుకుపడి, చటుక్కున ఆగింది. పలక వైపు చూసింది. "అది మా అవ్వకి రాసినాడు అయ్య. చుట్ట నిప్పు నోట్లో పెట్టి, దేవుడి ముందరే అడ్డపొగ తాగేది అవ్వ. కన్నతల్లికి ఎదురు చెప్పడానికి ఆయనకి భయం."

నేను ఇంగ్లీషులో చెప్పగానే, మానేసిందా అని అడిగింది అధికారిణి.

"అవ్వకి చదువెక్కడిది మేడమ్? ఆ బోర్డు కిందే కూర్చొని తాగేది."

అధికారిణి నవ్వి, చాలాసేపు రాసుకుంది. "ప్రార్థనలు ప్రతి గుడిలోనూ ఉంటాయి. అమ్మకు భయపడి కొడుకు రాసిన బోర్డు ఇంకెక్కడా చూడలేదు. మా నాయనమ్మ కూడా ఇంతే, ఎవరి మాటా వినేది కాదు" అంది. వెళ్ళేముందు తలుపు పక్కన ఇంగ్లీషులో ఒక కాగితం అంటించింది: నిర్ణయం వచ్చేవరకు ఈ కట్టడాన్ని పడగొట్టరాదు. పలకను తాకరాదు. దానికి ఏమీ పూయరాదు.

మర్నాడు ఉదయం అక్క పసుపు గిన్నెతో వచ్చింది. వచ్చిన కాస్త ఇంగ్లీషుతో, వేలు పెట్టి ఆ కాగితాన్ని అక్షరం అక్షరం చదివింది. తలెత్తి పలకను చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత ఆ కాగితం నాలుగు మూలలకూ పసుపు రాసి, మధ్యలో బొట్టు పెట్టి, కళ్ళకద్దుకుంది.